డిగ్రీ అయ్యాక ఐటీ ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్‌లో మాస్టర్స్: ఇప్పుడే చేరాలా, కాస్త ఆగాలా?

బగ్‌లిస్ట్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నాది కంప్యూటర్ సైన్స్ డిగ్రీ. చదువు అవగానే ఒక చిన్న ప్రొడక్ట్ టీమ్‌లో టెస్టర్‌గా చేరాను, ఇప్పటికీ అక్కడే ఉన్నాను. పోయిన రిలీజ్ టైమ్‌లో మా లీడ్ సెలవు మీద వెళ్లడంతో ఆవిడ చూసుకునే రిలీజ్ షీట్ నా చేతికి వచ్చింది. ఏ బగ్ ఎవరి దగ్గర ఆగింది, ఏది సరిచేయకపోతే ఏది టెస్ట్ చేయలేం, సపోర్ట్ వాళ్లకి ఎప్పుడు కబురు చెప్పాలి, ఇవన్నీ నేనే చూశాను. డెవలపర్ల వెంట పడటం కొంచెం మొహమాటంగానే ఉన్నా పని మాత్రం బాగా నచ్చింది. నిజం చెప్పాలంటే టెస్ట్ కేసులు రాయడం కన్నా ఎక్కువ నచ్చింది.

అప్పటినుంచి ఐటీ ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్‌లో మాస్టర్స్ గురించి వెతుకుతున్నాను. ఇంట్లోవాళ్లేమో మేనేజర్ కావాలంటే ఎంబీఏ చెయ్యమంటున్నారు. ఆఫీసులో ఒకాయన మాస్టర్స్ ఎందుకు, సర్టిఫికేషన్ చాలు అంటున్నారు. ఇంకొకావిడ, ఇప్పుడే కోడ్‌కి దూరమైతే జీవితమంతా మీటింగులు పెట్టుకుంటూ బతకాలి అని భయపెట్టారు.

నా సందేహాలు ఇవి. పెద్దగా అనుభవం లేకుండా ఈ మాస్టర్స్ చేస్తే ఏమైనా ఎక్కుతుందా? ఎంబీఏకి, దీనికి అసలు తేడా ఏంటి? సర్టిఫికేషన్ ముందా, డిగ్రీ ముందా? ఈ కోర్సులో లెక్కలు ఎంత ఉంటాయి? చేసినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త వివరంగా చెప్పండి. "మీ ఇష్టం" అని మాత్రం చెప్పకండి, అది ఇప్పటికే చాలామంది చెప్పారు.

సూటిగా

చెల్లెమ్మా, మాస్టర్స్ అంటే ఫీజు దండగ, టైమ్ దండగ. పీఎంపీ (ప్రాజెక్ట్ మేనేజర్లకిచ్చే సర్టిఫికేషన్) మెటీరియల్ తెచ్చుకుని గట్టిగా చదివి పరీక్ష రాసెయ్. రెజ్యూమెలో ఆ మూడక్షరాలు ఉంటే చాలు, కాల్స్ అవే వస్తాయి. ఇందులో పెద్దగా ఆలోచించడానికి ఏమీ లేదు.

గాంట్‌చార్ట్

సూటిగా గారూ, రాసెయ్ అంటే రాసేసేది కాదండీ అది. నాలుగేళ్ల డిగ్రీ ఉన్నవాళ్లు పీఎంపీకి దరఖాస్తు చేయాలంటే 36 నెలలు ప్రాజెక్టులు నడిపిన అనుభవం చూపించాలి, 35 గంటల శిక్షణ కూడా ఉండాలి. టీమ్‌లో సభ్యులుగా ఉంటే సరిపోదు, పనిని ముందుండి నడిపించి ఉండాలి. అయితే "ప్రాజెక్ట్ మేనేజర్" అన్న హోదా ఉండి తీరాలని లేదు. కాబట్టి బగ్‌లిస్ట్ గారూ, మీరు చూసిన రిలీజ్ లాంటి పనుల వివరాలు ఇప్పటినుంచే ఒకచోట రాసి పెట్టుకోండి: ఏం పని, ఎప్పటినుంచి ఎప్పటిదాకా, మీరు ఏం నిర్ణయించారు, చివరికి ఏమైంది. తర్వాత దరఖాస్తు నింపేటప్పుడు గుర్తుకు తెచ్చుకుని రాయడం నరకం.

ఈలోపు సర్టిఫికేషన్ కావాలంటే, పీఎంపీ ఇచ్చే పీఎంఐ అనే సంస్థదే, కొత్తవాళ్ల కోసం క్యాప్‌ఎం అని ఒకటి ఉంది. దానికి అనుభవం అడగరు, 23 గంటల శిక్షణ ఉంటే చాలు. పరీక్ష 3 గంటలు, 150 ప్రశ్నలు. ప్రిన్స్2 అనే ఇంకో పద్ధతిలో మొదటి పరీక్ష అయిన ఫౌండేషన్‌కి కూడా ముందస్తు అర్హతలేమీ లేవు. అది బ్రిటన్ ప్రభుత్వ ఐటీ ప్రాజెక్టుల కోసం పుట్టిన పద్ధతి, ఈ పేరుతో 1996లో వచ్చింది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. కొన్ని యూనివర్సిటీ కోర్సులకి పీఎంఐకి చెందిన, కోర్సుల నాణ్యత చూసే జీఏసీ అనే మండలి గుర్తింపు ఉంటుంది. అలాంటి కోర్సులో డిగ్రీ చేస్తే పీఎంపీకి 36 నెలల బదులు 24 నెలల అనుభవం చాలు. మాస్టర్స్ ఎంచుకునేటప్పుడు ఇది కూడా చూసుకోండి. నిబంధనలు అప్పుడప్పుడు మారుస్తుంటారు, దరఖాస్తుకి ముందు వాళ్ల సైట్ ఒకసారి చూడటం మంచిది.

రాత్రిరిలీజ్

బగ్‌లిస్ట్ గారూ, నేను కొన్నేళ్లు డెవలపర్‌గా చేసి, ఉద్యోగం మానకుండానే సాయంత్రం క్లాసులతో ఇదే మాస్టర్స్ చేశాను. ఇప్పుడు ప్రోగ్రామ్ మేనేజర్‌ని. ప్రాజెక్ట్ కోఆర్డినేటర్లకి ఇంటర్వ్యూలు కూడా చేస్తుంటాను. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక చేసుకుని చదవండి.

మీ పోస్టులో "ఏది సరిచేయకపోతే ఏది టెస్ట్ చేయలేం" అన్నారు చూడండి, షెడ్యూలింగ్ కోర్సు మొదలయ్యేది సరిగ్గా అక్కడే. క్రిటికల్ పాత్ అనే పద్ధతిని 1957లో డ్యూపాంట్, రెమింగ్టన్ రాండ్ కంపెనీల వాళ్లు కలిసి తయారుచేశారు. ఆ మరుసటి ఏడాది అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి కోసం పెర్ట్ అనే పద్ధతి తెచ్చింది. ఒకదాని కోసం ఒకటి ఆగి ఉన్న పనుల్లో అన్నిటికన్నా పొడవైన వరస ఏదో, ప్రాజెక్టు ఎప్పుడు ముగుస్తుందో చెప్పేది అదే. ఆ వరసలో లేని పనిని ఎంత త్వరగా ముగించినా తేదీ ఒక్కరోజు కూడా ముందుకు రాదు. ఇది తెలియని మేనేజర్ టీమ్‌లో ప్రతి ఒక్కరి వెంటా పడతాడు. తెలిసినవాళ్లు ఇద్దరి వెంట పడితే సరిపోతుంది, మీ మొహమాటం కూడా ఆ మేరకు తగ్గుతుంది.

లెక్కల గురించి అడిగారు. కూడికలు, భాగహారాలు, కాస్త సంభావ్యత వస్తే చాలు. రెండు ఉదాహరణలు ఇస్తాను. ఒక పనికి ఎన్ని రోజులు పడుతుందని అడిగితే డెవలపర్ ఒకే అంకె చెబుతాడు. పెర్ట్ పద్ధతిలో మూడు అడగాలి: అంతా కలిసొస్తే ఎంత, మామూలుగా ఎంత, అన్నీ ఎదురుతిరిగితే ఎంత. 4, 6, 14 అన్నాడనుకోండి. మధ్య అంకెని నాలుగుతో గుణించి, మిగతా రెండూ కలిపి, ఆరుతో భాగించాలి. 7 రోజులు వస్తుంది, అతను మామూలుగా చెప్పే 6 కాదు. నాకు మాత్రం ఆ సగటు కన్నా మూడో అంకె ముఖ్యం. 14 ఎందుకన్నావని అడిగితే అప్పుడు బయటపడతాయి అసలు సంగతులు: వేరే టీమ్ ఏపీఐ ఇవ్వాలి, పాత కోడ్ రాసినాయన వెళ్లిపోయారు, లైసెన్స్ ఇంకా రాలేదు, ఇలాంటివి.

రెండోది ఎర్న్‌డ్ వేల్యూ, అంటే ఇప్పటిదాకా అయిన పనిని విలువ కట్టి ప్లాన్‌తో, ఖర్చుతో పోల్చడం. మొత్తం పని విలువ 100 అనుకుందాం. ఈరోజుకి 50 అయిపోవాలి, అయింది 40, ఖర్చు మాత్రం 60. నలభైని యాభైతో భాగిస్తే 0.8, అంటే అనుకున్న వేగంలో ఐదింట నాలుగు వంతులే నడుస్తున్నాం. నలభైని అరవైతో భాగిస్తే దాదాపు 0.67. ఖర్చు ఇదే తీరున సాగితే 100కి ముగియాల్సిన ప్రాజెక్టు 150కి తేలుతుంది. పట్టికలో చూస్తే చిన్న లెక్కే. కానీ "కొంచెం వెనకబడ్డాం సార్, కవర్ చేస్తాం" అనే మాటకి, "ఇలాగే పోతే సగం బడ్జెట్ అదనంగా కావాలి" అనే మాటకి మీటింగ్‌లో వచ్చే స్పందన వేరు. మొదటిదానికి తలలూపుతారు. రెండోదానికి లాప్‌టాప్‌లు మూస్తారు.

ఇందులో క్లాసులో దొరకని ముక్క ఒకటుంది. ఆ "40 అయింది" అన్న అంకె ఎక్కడినుంచి వస్తుంది? డెవలపర్ "ఆల్మోస్ట్ అయిపోయిందండీ" అంటాడు. ఆ ఆల్మోస్ట్ రెండు వారాలు అలాగే ఉంటుంది. అందుకే మా టీమ్‌లో సగం అయింది, ముప్పాతిక అయింది అనే లెక్కలు తీసుకోను. టెస్ట్ పాసై అసలు కోడ్‌లో మెర్జ్ అయితే అయినట్టు, లేకపోతే సున్నా. టెస్టర్‌గా మీకు ఇది నేను చెప్పాలా! అయిందన్న పనిని నమ్మకుండా నడిపి చూడటమే మీ ఉద్యోగం. కోడ్ నుంచి వచ్చినవాళ్లకన్నా మీకు ఇది బలం, తక్కువ చేసుకోకండి.

ఆలస్యమైన ప్రాజెక్టుకి ఇంకో నలుగురిని ఇస్తాం అంటారు చూడండి, ఆ ముచ్చట కూడా క్లాసులో వస్తుంది. ఐబీఎంలో ఓఎస్/360 తయారీని నడిపించిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే చెప్పాడు, ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుకి మనుషుల్ని చేరిస్తే అది ఇంకా ఆలస్యమవుతుందని. అయిదుగురు ఉంటే ఇద్దరిద్దరి మధ్య మాటలు నడిచే దారులు 10, పదిమంది అయితే 45. కొత్తవాళ్లకి పని నేర్పేది కూడా ఉన్నవాళ్లే కదా. సూత్రం ఒక్క పూటలో వచ్చేస్తుంది. పై అధికారి మనుషుల్ని ఇస్తానన్నప్పుడు "ఇప్పుడు వద్దండీ, స్కోప్ (చేయాల్సిన పని) తగ్గించండి" అని చెప్పగలగడం మాత్రం ఏ సెమిస్టర్‌లోనూ ఉండదు.

నేను చదివినవాటిలో బాగా పనికొచ్చిన సబ్జెక్టు, అందరూ నిద్రపోయే సబ్జెక్టు, ఒకటే: కొనుగోళ్లు, కాంట్రాక్టులు. ఫిక్స్‌డ్ ప్రైస్ కాంట్రాక్టులో పని పెరిగితే నష్టం చేసేవాడిది, గంటల లెక్క కాంట్రాక్టులో కొనేవాడిది. ఈ ఒక్క తేడా తెలిస్తే అవతలివాళ్లు ప్రతి చిన్న మార్పుకీ ఎందుకు పేచీ పెడుతున్నారో, లేదా ఎందుకు అన్నిటికీ నవ్వుతూ సరేనంటున్నారో అర్థమవుతుంది. మాకు అమెరికాలోని డెన్వర్ విమానాశ్రయం లగేజీ వ్యవస్థని కేసుగా ఇచ్చారు. 1993 అక్టోబరులో తెరవాల్సిన విమానాశ్రయం 1995 ఫిబ్రవరిలో గానీ తెరుచుకోలేదు. పెద్ద కారణం సూట్‌కేసుల్ని తనంతట తానే మోసుకెళ్లాల్సిన ఆ కంప్యూటర్ వ్యవస్థ. కట్టడం నడుస్తుండగా ఆలస్యంగా దాన్ని మొత్తం విమానాశ్రయానికి విస్తరించారు, మధ్యలో మార్పులు వచ్చి పడుతూనే ఉన్నాయి. చివరికి 2005లో దాన్ని పూర్తిగా ఆపేశారు. క్లాసులో అందరం సాఫ్ట్‌వేర్ తప్పులు వెతుకుతుంటే మా ప్రొఫెసర్ ఒకటే అడిగారు: "ఒప్పందం మీద సంతకం పెట్టేరోజుకి భవనం ఎంతవరకు లేచింది?" ఆ గంట అయ్యేసరికి కోడ్ గురించి మాట్లాడేవాళ్లు లేరు.

ఎంబీఏతో తేడా క్లుప్తంగా: అందులో ఫైనాన్స్, మార్కెటింగ్, మానవ వనరులు అన్నీ వెడల్పుగా ఉంటాయి, ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఒక ఎలెక్టివ్‌గా వస్తే వస్తుంది. ఇందులో షెడ్యూలు, ఖర్చు, రిస్కు, కాంట్రాక్టు, సిస్టమ్స్ తయారయ్యే క్రమం, సెక్యూరిటీ, వీటినే తవ్వుతారు. రేపు సేల్స్‌కో, వ్యాపారం వైపుకో వెళ్లాలనుంటే ఎంబీఏ మేలు. మీ పోస్టు చదివితే నాకు అలా అనిపించలేదు.

ఒక హెచ్చరిక. చాలా సిలబస్‌లు ఇంకా ప్రతి కంపెనీలోనూ "ప్రాజెక్ట్ మేనేజర్" అనే కుర్చీ ఉంటుందన్నట్టే రాస్తారు. స్క్రమ్‌తో, అంటే పనిని చిన్న చిన్న విడతలుగా చేసుకుపోయే పద్ధతితో, నడిచే టీముల్లో ఆ కుర్చీ ఉండకపోవచ్చు. 2020 స్క్రమ్ గైడ్‌లో ఉన్న బాధ్యతలు మూడే: ప్రొడక్ట్ ఓనర్, స్క్రమ్ మాస్టర్, డెవలపర్లు. ప్రాజెక్ట్ మేనేజర్ అన్న పాత్రే లేదు. అలాగని పని మాయం కాదు. బడ్జెట్, వెండర్లు, నాలుగు టీముల మధ్య తేదీలు, ఆడిట్ ఎవరో ఒకరు చూడాల్సిందే. ఆ ఒకరిని డెలివరీ మేనేజర్ అనో, ప్రోగ్రామ్ మేనేజర్ అనో పిలుస్తారు. ఉద్యోగాలు వెతికేటప్పుడు ఈ పేర్లతో కూడా వెతకండి. వాటర్‌ఫాల్‌ని (పనులన్నీ ఒకే వరసలో ఒకదాని తర్వాత ఒకటి చేసే పాత పద్ధతి) వెక్కిరించడమే ఎజైల్ (స్క్రమ్ లాంటి విడతల పద్ధతులు) అనుకునే కోర్సుల్లో మాత్రం చేరకండి. వాటర్‌ఫాల్‌కి మూలమని అందరూ చూపించే 1970 నాటి విన్‌స్టన్ రాయిస్ వ్యాసంలోనే, అలా ఒకే వరసలో చేసుకుపోవడం ప్రమాదమని ఆయనే రాశాడు. ఆ వ్యాసం చదివించే మాస్టారు దొరికితే కళ్లు మూసుకుని చేరిపోండి.

కోర్సు ఎంచుకునేటప్పుడు నేనైతే ముందు చివరి సెమిస్టర్ చూస్తాను. బయటి సంస్థకి నిజంగా చేసిచ్చే ప్రాజెక్టు ఉందా, లేక రిపోర్టు రాసి ఇచ్చేస్తే సరిపోతుందా? ఆ తర్వాత, డేటాబేస్, ఆర్కిటెక్చర్, సెక్యూరిటీ లాంటి టెక్నికల్ సబ్జెక్టులు కనీసం రెండు మూడు ఉన్నాయా? లేకపోతే కోడ్‌కి దూరమవుతారని మీ ఆఫీసులో ఆవిడ భయపెట్టింది నిజమే అవుతుంది. సిలబస్ మొత్తం ఒకే సర్టిఫికేషన్ పరీక్ష అధ్యాయాల వరసలోనే ఉంటే మాత్రం దానికి మాస్టర్స్ ఫీజు కట్టకండి, ఆ పరీక్షే రాసుకోండి.

ఇక ఎప్పుడు అన్నదానికి నా జవాబు: ఉద్యోగం మానకుండా చేయగలిగితే ఇప్పుడే. ఏళ్ల తరబడి ఆగక్కర్లేదు. క్లాసులో చెప్పినదాన్ని మర్నాడు పెట్టి చూడటానికి చేతిలో ఒక నిజమైన రిలీజ్ ఉండాలి, అది మీకుంది. మానేసి ఫుల్‌టైమ్ చేరాల్సి వస్తే మాత్రం ఇంకో రెండు మూడు రిలీజ్‌లు నడిపాక వెళ్లండి.

మినిట్స్‌రాసేవాణ్ణి

రాత్రిరిలీజ్ గారు చెప్పినవాటిలో చివరి ముక్కతో నాకు పేచీ ఉంది. నేను డిగ్రీ అవగానే, ఒక్కరోజు కూడా ఉద్యోగం చేయకుండా నేరుగా ఈ మాస్టర్స్‌లో చేరాను. మునిగిపోలేదు. అనుభవం ఉన్నవాళ్లు క్లాసులో తమ ఆఫీసు గొడవలు చెబుతుంటే నోట్సు రాసుకునేవాణ్ణి, సగం చదువు నాకు వాళ్ల దగ్గరే దొరికింది.

కాకపోతే బయటికొచ్చాక ఎవరూ ప్రాజెక్టు చేతిలో పెట్టరు, అది ముందే తెలిసి ఉండాలి. నన్ను పీఎంవోలో, అంటే కంపెనీ ప్రాజెక్టులన్నిటినీ కనిపెట్టి చూసే విభాగంలో, కోఆర్డినేటర్‌గా తీసుకున్నారు. పని ఏంటంటే మీటింగ్ మినిట్స్ రాయడం, ఎవరు ఏం ఒప్పుకున్నారో వారం తర్వాత గుర్తుచేయడం, రిస్కులు, సమస్యలు, డిపెండెన్సీలు రాసుకునే రెయిడ్ లాగ్ నింపడం, స్టేటస్ రిపోర్టులో ఎరుపుని పసుపుగా మార్చమని బతిమాలే మేనేజర్లకి మర్యాదగా కుదరదని చెప్పడం. విసుగు పని అంటారు గానీ నాకు కంపెనీలో ఏ ప్రాజెక్టు ఎందుకు ఆగుతోందో అందరికన్నా ముందు తెలిసేది. సేల్స్ వాళ్లు క్లయింటుకి ఫీచర్లు వాగ్దానం చేసి రావడం అత్త సొమ్ము అల్లుడు దానం లాంటిదని తెలిసింది కూడా అక్కడే. దానం చేసిన పనుల జాబితా నా లాగ్‌లో ఉండేది, దాన్ని చూపించే స్కోప్ మార్పులకి అడ్డుకట్ట వేశాం.

సర్టిఫికేషన్ విషయంలో గాంట్‌చార్ట్ గారి మాటే నాదీ. కోర్సులోని గంటలు శిక్షణ కింద చూపించుకోవచ్చు, కాబట్టి డబ్బు కట్టి విడిగా క్లాసులకి వెళ్లొద్దు.

సూటిగా

సరే, అర్హత సంగతి ఒప్పుకున్నా. ఫీజు దండగ అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.

బగ్‌లిస్ట్

ఇంత వివరంగా చెప్తారనుకోలేదు, అందరికీ థాంక్స్. రాత్రిరిలీజ్ గారూ, సాయంత్రం క్లాసులు ఉండే కోర్సు ఒకటి నా లిస్టులో ఉంది. చివరి సెమిస్టర్‌లో బయటి సంస్థకి చేసే ప్రాజెక్టు ఉందని రాశారు, కానీ టెక్నికల్ సబ్జెక్టు ఒక్కటే కనిపిస్తోంది. రాసిన ప్రకారం ఎలెక్టివ్‌లు వేరే విభాగం నుంచి తీసుకోవచ్చట. ఇది సరిపోతుందా? ఇంకొకటి, చేరేలోపు కొత్త టూల్ ఏదైనా నేర్చుకోనా? అందరూ జీరా, ఎంఎస్ ప్రాజెక్ట్ అంటున్నారు.

రాత్రిరిలీజ్

"తీసుకోవచ్చు" అన్నది కాగితం మీద మాట. ఇప్పుడు చదువుతున్నవాళ్లు ఎవరైనా నిజంగా తీసుకున్నారా, ఆ క్లాసులు కూడా సాయంత్రమే ఉంటాయా అని ఆ విభాగానికి మెయిల్ రాసి అడగండి. పగటి పూట ఉంటే మీకు లేనట్టే. రెండు ఎలెక్టివ్‌లు దొరికితే ఒకటి సెక్యూరిటీ, ఇంకొకటి ఆర్కిటెక్చర్ తీసుకుని చేరిపోండి.

టూల్స్ కోసం విడిగా కూర్చోవద్దు. జీరా మీ టీమ్‌లో ఉంటే దాని రిపోర్టులు తెరిచి చూడటం మొదలుపెట్టండి, ఎంఎస్ ప్రాజెక్ట్ కోర్సులో వాళ్లే నేర్పుతారు. ఈ వారం చేయగలిగింది చెప్తాను. మీ పాత రిలీజ్ షీట్ తీసి, ప్రతి వరుస పక్కన "దీనికన్నా ముందు ఏది అవ్వాలి" అని ఒక కాలమ్, "ఎన్ని రోజులు పట్టింది" అని ఇంకో కాలమ్ పెట్టండి. పొడవైన వరసలో ఉన్న రోజులన్నీ కూడండి. ఆ మొత్తానికి, మీ రిలీజ్ నిజంగా తీసుకున్న రోజులకి మధ్య తేడా ఎంతో చూడండి. ఆ తేడాలో చాలా భాగం ఎవరో ఒకరి జవాబు కోసం ఎదురుచూసిన సమయమే అయి ఉంటుంది. ఆ షీట్ మీ లీడ్‌కి చూపించి, వచ్చే రిలీజ్ షెడ్యూలు నేను చూసుకుంటానని అడగండి.

బగ్‌లిస్ట్

మెయిల్ ఇప్పుడే పంపాను. షీట్ శనివారం కూర్చుని చేస్తాను, కుదిరితే పేర్లు తీసేసి ఇక్కడే పెడతాను, చూసి చెప్పండి.